మా అమ్మకి ప్రార్థన వచ్చు: అయ్యగార్లకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలు నడిపించే అమ్మగార్లకు,

వందనాలు.

నేను పలాస దగ్గర ఉద్దానం ప్రాంతపు ఊరి మనిషిని. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని, ఆదివారం పూట సండే స్కూల్ టీచర్ని. మా మామ్మ కాలం నుంచి సంఘంలో ఉన్నాం. ఎవరి మీదా కోపంతో రాయడం లేదని మొదలుపెడదామనుకున్నాను గానీ, అది అబద్ధం అవుతుంది. కొంచెం కోపం ఉంది. అందులో సగం నా మీద నాకే.

పదహారేళ్ల కిందట మా స్త్రీల కూడికకి బయటి జిల్లా నుంచి ఒక ప్రసంగీకురాలు వచ్చారు. వాక్యం అయిపోయాక, "ఇప్పుడు మన మధ్య ఉన్న ఒక తల్లి ప్రార్థన చేస్తారు" అని మా అమ్మ వైపు చెయ్యి చూపించారు. అమ్మ అప్పుడు జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే పనికి వెళ్లేది. లేచి, కొంగు తల మీద కప్పుకుని మొదలుపెట్టింది. "నాయినా, ఏసయ్యా, ఇన్నాళ్లూ సల్లగా సూసినావు. మా ఇంటాయనకి జొరం తగ్గినాది, నీకు దణ్ణాలు. ఈ గుంటలకి (పిల్లలకి) సదువు రావాల. ఆల సేతులు నా సేతుల్లాగ అవకూడదు..."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. అమ్మ ఆగింది, తొందరగా ఆమెన్ అనేసి కూర్చుంది.

ప్రసంగీకురాలు నవ్వలేదు. ఎంతో ప్రేమగా, మైకులోనే అన్నారు: "అమ్మా, మన దేవుడు మహారాజు కదా. రాజు దగ్గరికి వెళ్లేటప్పుడు మంచి బట్టలు కట్టుకుంటాం కదా. అలాగే మంచి మాటలు వాడాలి. సూసినావు అనకూడదు, చూచితివి అనాలి. దణ్ణాలు అనకూడదు, స్తోత్రములు అనాలి. నేర్చుకుంటే వస్తుందమ్మా."

నవ్విన వాళ్లని అమ్మ మర్నాటికి మరిచిపోయింది. ఈ ప్రేమని మాత్రం మరిచిపోలేదు.

నా సంగతి చెప్పాలి. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో నేనన్న మాట ఇది: "నీకెందుకమ్మా లేవడం? మోకాళ్ల నొప్పులని చెప్పి కూర్చోవచ్చు కదా." నాకు అప్పటికి ఉద్యోగం వచ్చి కొన్నాళ్లే. బడిలో పిల్లలు 'సెప్పు' అంటే 'చెప్పు' అని దిద్దడం నా పని. అమ్మ నా తోటి టీచర్ల ముందు 'ఏమిటి' బదులు 'ఏటి' అంటే నాకు సిగ్గు వేసేది. ఆ మాటకి నేను ఇప్పటికీ సారీ చెప్పలేదు.

ఆ రోజు నుంచి సంఘంలో ఎవరు ప్రార్థన చెయ్యమన్నా అమ్మది ఒకటే జవాబు. "నాకు పార్దన రాదమ్మా. మీరు సెయ్యండి."

అయ్యగార్లూ, ఈ మాట మీరూ వినే ఉంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో డయాలసిస్‌కి తిరిగే ఇళ్లకి మీరు ప్రార్థనకి వెళ్తారు. "మీరు కూడా ఒక మాట ప్రార్థన చెయ్యండమ్మా" అంటే ఆ ఇంటి ఆడమనిషి తల దించుకుని, "మాకు రాదండి, మీరే సెయ్యండి" అంటుంది. అది వినయం అని మీరు అనుకుంటారు. అందులో కొంత వినయమే కావచ్చు. మిగతాది మనం నేర్పిన భయం. దేవుడికి మన మాట అర్థం కాదేమో, లేకపోతే అర్థమైనా నచ్చదేమో అన్న భయం.

ఇంట్లో మా అమ్మ ప్రార్థన ఎలా ఉంటుందో చెప్తాను. ఇప్పుడు డెబ్భై దాటింది, పనికి వెళ్లడం లేదు. అయినా నాలుగింటికే మెలకువ వస్తుంది. మంచం మీదే కూర్చుని, గోడకి ఆనుకుని మాట్లాడుతుంది. 'మాట్లాడుతుంది' అనే అనాలి. ఎవరికి ఎంత అప్పుందో చెప్తుంది. చిన్న మనవడు చెన్నైలో పనికెళ్లి ఫోన్ చెయ్యడం లేదని ఫిర్యాదు చేస్తుంది. మధ్యలో, "అది నీకు తెల్దేటి, నాను మల్లీ సెప్పాలా" అని విసుక్కుంటుంది కూడా. ఒక్కోసారి చాలాసేపు ఏమీ అనదు. నిద్రపోయిందేమో అని చూస్తే కళ్లు తెరిచే ఉంటాయి.

తిత్లీ తుఫాను రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరు 10న చీకటి పడ్డప్పటి నుంచి గాలి. తీరం దాటింది 11 తెల్లవారుజామున, మా పక్కనే. చుట్టుపక్కల రేకుల ఇళ్ల వాళ్లు మా స్లాబు ఇంటికి వచ్చేశారు. ఒక్క గదిలో పద్నాలుగు మందిమి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. కొబ్బరి చెట్టు మధ్యకి విరిగితే వచ్చే చప్పుడు మీరు విన్నారో లేదో. ఫట్‌మని ఒక్క దెబ్బ, తరవాత చాలాసేపు ఏమీ వినపడదు, అంతలో ఇంకొకటి. ఒక దశలో పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అప్పుడు ఆ చీకట్లో అమ్మ గొంతు లేచింది. గుడ్డి దీపం వెలుగులో ఆమె ముఖం సగమే కనబడుతోంది.

"నాయినా, సూత్తన్నావా? రేకులెగిరిపోతన్నాయి. సెట్లు ఇరిగిపోతన్నాయి, ఇరిగితే ఇరగనీ. ఈ గదిలో పద్నాలుగు పేణాలున్నాయి. ఒక్కటి కూడా ఒగ్గీకు (వదిలెయ్యకు)."

అంతే. ఆమెన్ కూడా అన్నట్టు లేదు. పక్కింటి ఆవిడ మా సంఘం మనిషి కాదు, గ్రామదేవత పండక్కి ఘటం ఎత్తే మనిషి. ఆవిడ చీకట్లోంచి, "మల్లీ ఒకసారి సెప్పవే అప్పా" అంది. అమ్మ మళ్లీ చెప్పింది. తెల్లారేలోగా నాలుగైదుసార్లు చెప్పించుకున్నారు. మా ముప్ఫై కొబ్బరి చెట్లలో నాలుగే మిగిలాయి. గదిలో పద్నాలుగు మందికీ ఏమీ కాలేదు. దీన్ని నేను అద్భుత సాక్ష్యంగా చెప్పడం లేదు. ఆ రాత్రి ప్రాణాలు పోయిన ఇళ్లూ ఉన్నాయి, వాళ్లూ దేవుణ్ని పిలిచే ఉంటారు. నేను చెప్పేది వేరే సంగతి. ఆ గదిలో ప్రార్థన అవసరమైనప్పుడు, చూచితివి, చేయుచున్నాము నేర్చుకున్న నా నోరు పెగల్లేదు. 'నాకు రాదు' అన్న మనిషికే వచ్చింది.

ఆ తరవాతి ఆదివారం ఆరాధనలో, "ప్రకృతి వైపరీత్యమునకు గురియైన నీ బిడ్డలను నీ కృపాహస్తములతో ఆదరించుమని వేడుకొనుచున్నాము" అని ప్రార్థన జరిగింది. తప్పేమీ లేదు. అన్నం పొట్లాలు మోసుకొచ్చిన పాస్టర్లు మాకు తెలుసు, ఆ మేలు మరిచిపోలేదు. కానీ విరిగిన చెట్టు ఒక్కటి కూడా ఆ ప్రార్థనలో కనబడలేదు నాకు.

పేతురు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. యేసుని బంధించిన రాత్రి ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో, "ఆ మనిషెవరో నాకు తెలియదు" అని బొంకుతున్న పేతురుని ఏది పట్టిచ్చింది? మత్తయి 26:73 చూడండి. "నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది" అన్నారు అక్కడ నిలబడ్డ వాళ్లు. గలిలయ యాస అది. ఆ దేశానికి ఉత్తరాన ఉన్న పల్లెల యాస, వల లాగేవాళ్ల యాస. యెరూషలేములో నోరు విప్పితే చాలు, ఎక్కడివాడో తెలిసిపోయేది. నజరేతు కూడా గలిలయలోనే ఉంది కాబట్టి మన ప్రభువు నోటి వెంట వచ్చిందీ ఆ యాసే అయ్యుండాలి. మన సినిమాల్లో వాచ్‌మన్‌కీ పనిమనిషికీ పెట్టి నవ్విస్తారే, అలాంటి యాస.

పెంతెకొస్తు పండగ నాడు శిష్యులు రకరకాల భాషల్లో మాట్లాడినప్పుడు జనం మొదట ఆశ్చర్యపడింది కూడా దీనికే. "ఇదిగో మాటలాడుచున్న వీరందరు గలిలయులు కారా?" మీరు ఈ వచనం మీద చాలా ప్రసంగాలు చేశారు, భాషల వరం గురించి. ఒక్కసారి ఆ ప్రశ్నలో ఉన్న వెటకారం గురించి కూడా చెప్పండి. ఏటి, ఈళ్లు సికాకుళం వోళ్లు కాదేటి, అన్నట్టు వినబడుతుంది నాకు. ఆ రోజు బాప్తిస్మం తీసుకున్న మూడు వేల మంది పేతురు నోట యాస పోయేదాకా ఆగలేదు.

ఇంకో కథ ఉంది, న్యాయాధిపతులు 12వ అధ్యాయంలో. దీని మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. ఎఫ్రాయిము వాళ్లని యుద్ధంలో ఓడించి, పారిపోయేవాళ్లని పట్టుకోవడానికి యొర్దాను రేవుల దగ్గర గిలాదు వాళ్లు కాపు కాశారు. దాటబోయే ప్రతివాణ్నీ 'షిబ్బోలెతు' అనమనేవారు. ఎఫ్రాయిము వాళ్లకి 'ష' పలకదు, 'సిబ్బోలెతు' అనేవారు. అన్నవాణ్ని అక్కడే నరికేశారు. నలభై రెండు వేల మంది పోయారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. మా ఊళ్లో సగం మందికి 'శ', 'చ' పలకవు మరి. శనివారం మాకు సెనివారం, చేపలు సేపలు, చెరువు సెరువు. ఆ రేవులో మా ఊరు ఊరంతా పోయేది. మా బడిలో రోజూ 'శ' పలికించే నేను ఒక్కదాన్నే అవతలి ఒడ్డుకి చేరేదాన్నేమో.

సండే స్కూల్లో జరిగింది ఒకటి చెప్తాను. యాయీరు కూతురి కథ చెప్తున్నాను. చనిపోయిన పన్నెండేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని యేసు, "తలీతాకుమీ" అన్నాడు, అంటే "చిన్నదానా, లెమ్ము" అని అర్థం అని చదివాను. ఆ తరవాత, ఆమెకి తినడానికి ఏదైనా పెట్టమన్నాడని చెప్పాను. మూడో తరగతి పిల్లాడొకడు చెయ్యెత్తాడు. "టీచర్, లెమ్ము అంటే లెమన్ రైసా?" వాడి తప్పేముంది? వాడు వినే తెలుగులో లెమ్ము లేదు. లెమన్ ఉంది, పక్కనే తిండి పెట్టమన్న మాట కూడా ఉంది. బాగానే కలిపాడు.

ఆ రోజు మొదటిసారి పుస్తకం మూసేసి మా మాటల్లో చెప్పాను. "ఆ గుంట సెయ్యట్టుకుని, ఒలే గుంటా, లెగు, అన్నాడు. లెగిసినాది. అప్పుడు ఆల అమ్మతోటి, ఈ గుంటకి ఆకలేత్తుంటాది, ఏదేనా తినడానికి ఎట్టండి, అన్నాడు." పిల్లలు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం, "మా మామ్మ కూడా నన్ను అలాగే లేపుతాది" అంది.

మార్కు సువార్త గ్రీకులో రాశాడు. అయినా ఆ మాట దగ్గర ఆగి, యేసు పలికిన అరామిక్ మాటని అలాగే ఉంచేశాడు. అనువదించినవాళ్లు కూడా దాన్ని ముట్టుకోలేదు. ఎందుకు ఉంచాడో మార్కుని అడగలేం గానీ, ఒక ఇంట్లో పిల్లని లేపిన మాట కాబట్టి ఆ ఇంటి మాటలాగే ఉండనిచ్చాడని నాకనిపిస్తుంది. ఆ గ్రీకు కూడా పండితుల గ్రీకు కాదు, బజారులో, ఉత్తరాల్లో, చీటీల్లో వాడే కొయినే గ్రీకు అని మీరు వేదాంత కళాశాలలో చదువుకునే ఉంటారు. అక్కడ చదివింది ఇక్కడ మాకెందుకు చెప్పరో నాకు తెలియదు.

మరి మన ప్రార్థనకి ఈ 'చున్నాము' ఎక్కడి నుంచి వచ్చింది? 1805లో లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. వాళ్లకి తోడుగా నిలిచింది ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. వాళ్లు తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అంటే మన చేతికి ఈ వాక్యం రావడంలో ఉత్తరాంధ్ర గడ్డకి పెద్ద పాత్రే ఉంది. ఆ రోజుల్లో కాగితం మీద పెట్టదగ్గ తెలుగంటే గ్రాంథికమే. పండితులు అదే రాశారు, దొరలు అదే నేర్చుకున్నారు. వాళ్లని తప్పు పట్టను. వాళ్లకి వేరే దారి లేదు.

మనకి ఉంది. అదే నా బాధ. వంశధార ఒడ్డున ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన మనిషి ఆ దారి వేశాడు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులు. ముందు సవర గిరిజనుల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని తను సవర నేర్చుకున్నాడు, తన డబ్బుతో బడులు పెట్టించాడు. ఆ తరవాతే తెలుగు పిల్లల పుస్తకాల్లో తెలుగు పిల్లలు మాట్లాడే తెలుగు ఉండాలని పండితులతో పోరాడాడు. విజయనగరంలో ఆయనతో కలిసి చదువుకున్న గురజాడ వాడుక మాటల్లో నాటకం రాస్తే అది 1897లోనే అచ్చయింది. 1940లో గిడుగు పోయేనాటికి పత్రికలు, కథలు అన్నీ మారుతున్నాయి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని మా బడిలో తెలుగు భాషా దినోత్సవంగా చేస్తాం, నేనే ఉపన్యాసం ఇస్తాను. ఆ వారం ఆదివారం వచ్చేసరికి మళ్లీ, 'మేము నిన్ను స్తుతించుచున్నాము, ఘనపరచుచున్నాము' అంటూ నేనే నిలబడతాను. గిడుగు వారి జిల్లాలోనే గిడుగు అడుగు పెట్టని చోటు మన గుళ్లు.

పాత బైబిలు తీసెయ్యమని నేను అడగడం లేదు. ఈ ముక్క గట్టిగా చెప్పాలి, లేకపోతే నా లేఖని ఇక్కడితో చదవడం మానేస్తారు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అన్నది మా అమ్మకి అక్షరం అక్షరం వచ్చు, చదువు రాకపోయినా. దాన్ని ఎవరైనా 'నాకు ఏ లోటూ ఉండదు' అని మారిస్తే ఆమే ముందు ఒప్పుకోదు. ఆ మాటల్లో ఒక నడక ఉంది, పాతబడ్డ ఇత్తడి బిందెకి ఉండే మెరుపులాంటిది ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కూడా అంతే. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) కట్టిన పాటలకి పైన రాగం, తాళం వేసి ఉంటాయి ఇప్పటికీ. క్రీస్తుని ఈ దేశపు రాగంలో పాడవచ్చని మన తాతల కాలానికే తేలిపోయింది. రాగానికి ఇచ్చిన చోటు యాసకి ఎందుకు ఇవ్వం? 'దణ్ణాలు' మాట వేరే మతం వాళ్లదన్నట్టు చూసే అయ్యగార్లు కొందరున్నారు, వాళ్లు ఆ కీర్తనల పుస్తకంలో రాగాల పేర్లు ఒకసారి చదివితే బాగుండును.

వాక్యం చదవడం వేరు, మనసు విప్పడం వేరు. చదివేటప్పుడు పుస్తకంలో ఉన్నదే చదువుదాం. ప్రార్థన, సాక్ష్యం పుస్తకంలోవి కావు.

మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. దేవుడి ముందు గౌరవం ఉండాలి కదా, అంటారు. ఉండాలి. మా అమ్మ దేవుణ్ని 'నువ్వు' అంటుంది, నన్నూ నువ్వే అంటుంది, కానీ దేవుడితో మాట్లాడేటప్పుడు కొంగు తల మీదికి లాక్కుంటుంది. గౌరవం కొంగులో ఉంది. అయినా, 'నీవు' అన్నా 'నువ్వు' అన్నా ఒకటే కదా, గ్రాంథికంలోనూ దేవుణ్ని 'మీరు' అనలేదు మనం.

యాసలో మాట్లాడితే పిల్లలు నవ్వుతారు, అంటారు. నవ్వుతారు, మనం నేర్పినంత కాలం. ఇదే పిల్లలు "ప్రైజ్ ది లార్డ్ అండీ, ఈ మార్నింగ్ హోలీ స్పిరిట్ మనల్ని టచ్ చెయ్యాలి" అంటే నవ్వరు. మన కొత్త పాస్టర్లలో కొందరు టీవీల్లో చెప్పే పెద్ద ప్రసంగీకుల గొంతుని కూడా దించేస్తున్నారు. పుట్టింది టెక్కలిలో, మాట్లాడేది గుంటూరు నుంచి దిగినట్టు, మధ్యమధ్య అమెరికా వెళ్లొచ్చినట్టు. ఇంగ్లీషు మాట ప్రార్థనలోకి చెప్పులతో నడిచి వస్తుంది. 'ఏటి' మాత్రం గుమ్మం బయట చెప్పుల దగ్గరే ఆగిపోవాలి.

సులభమైన తెలుగులో బైబిళ్లు వచ్చేశాయి కదా, అవి వాడండి అంటారు. మంచిదే, నేనూ సండే స్కూల్లో వాడుతున్నాను. కానీ నేను కొత్త బైబిలు అడగడం లేదని పైనే చెప్పాను. అడిగేది కాస్త చెవి. పౌలు కొరింథీయులకి ఏం రాశాడు? సంఘంలో భాషతో పదివేల మాటలు పలకడం కంటే, ఇతరులకి బోధ కలిగేట్టు మనసుతో అయిదు మాటలు పలకడం మేలని. మా అమ్మ తిత్లీ రాత్రి పలికినవి లెక్కపెట్టుకుంటే పదిహేనులోపే, అంతే.

ఇక నాకు కావలసింది. మంచి శుక్రవారం పన్నెండు నుంచి మూడు వరకు మన గుళ్లలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. మా సంఘంలో ఏడు మాటలూ ఎవరికి ఇస్తారో అందరికీ తెలుసు. రిటైర్డ్ హెడ్మాస్టరు గారికి ఒకటి, బ్యాంకు ఉద్యోగికి ఒకటి, యువకుల తరఫున ఒకటి, స్త్రీల తరఫున ఒకటి. ఆ స్త్రీ ఎప్పుడూ టీచరో నర్సో. రెండుసార్లు నేనే. నాకు తెలిసి జీడి పరిశ్రమలో చేసిన మనిషి ఒక్కరు కూడా ఆ మైకు ముందుకి రాలేదు.

పోయిన ఏడాది అయిదో మాట, "నేను దప్పిగొనుచున్నాను" అన్నది, ఒక పెద్దాయన చెప్పారు. మంచి మనిషి, బాగా తయారై వచ్చారు. గ్రీకులో ఆ మాట ఏమిటో, కీర్తనల్లో ఎక్కడెక్కడ ప్రవచనం ఉందో ఇరవై అయిదు నిమిషాలు చెప్పారు. అమ్మ నా పక్కనే కూర్చుంది. ఇంటికొచ్చాక ఉల్లిపాయలు ఒలుస్తూ తనలో తను అన్నట్టు ఒక మాట అంది.

మీకు పిక్కలు కొట్టే పని తెలుసో తెలియదో. పెంకులోంచి రసం చిమ్ముతుంది, తగిలిన చోట చర్మం కాలుతుంది, నల్లగా పొరలు లేస్తుంది. ఆ చేతులతో గ్లాసు పట్టుకోకూడదు, ఆ రసం మూతికి తగిలితే పుండు పడుతుంది. లేచి కడుక్కుని రావాలంటే టైము పోతుంది, కూలి పిక్కల లెక్క మీద కదా. అందుకని దాహం వేసినవాళ్లు చేతులు వెనక్కి పెట్టుకుని నోరు తెరిస్తే, పని లేనివాళ్లెవరో చెంబెత్తి నోట్లో పోసేవారట. ఎండాకాలం ఒక్కోసారి పోసేవాళ్లు దొరక్క అలాగే ఉండిపోయేవారట.

"సేతులు కాళీ లేనప్పుడు దాహమేత్తే ఎవులో ఒకలు పొయ్యాల" అంది అమ్మ. "ఆయన సేతులు మేకుల్తోటి ఉన్నాయి. అడిగినాడు. ఆలకి మంచినీళ్లు లేవేటి? పుల్లనీళ్లు ముంచి ఎట్టినారు. నాను అక్కడుంటే ఒక సెంబుడు పోద్దును." ఆ తరవాత ఉల్లిపాయల చేతులతో కళ్లు తుడుచుకుంటూ, ఉల్లిపాయలే ఇలాగున్నాయి అంది.

ముప్ఫై ఏళ్లుగా ఏడు మాటలు వింటున్నాను, రెండుసార్లు చెప్పాను. అయిదో మాట నాకు ఆ వంటింట్లో వినబడింది.

వచ్చే మంచి శుక్రవారం ఆ మాట మా అమ్మకి ఇవ్వండి. మీ సంఘాల్లో ఇలాంటి అమ్మలు మీకు తెలిసే ఉంటారు, వాళ్లకి ఇవ్వండి. వల లాగే ఇంటి మనిషికో, ఇటుక బట్టీకి వలస వెళ్లొచ్చిన మనిషికో. ముందు కాగితం మీద రాయించవద్దు. మధ్యలో మాట దిద్దవద్దు. ఎవరైనా నవ్వితే, ప్రసంగీకురాలిలా ఆమె వైపు తిరగకుండా నవ్విన వాళ్ల వైపు తిరగండి.

అమ్మకి మోకాళ్ల వల్ల ఎక్కువసేపు నిలబడడం కుదరదు, కుర్చీ కావాలి. మైకు పట్టుకోవడం అలవాటు లేదు, స్టాండు కిందికి దించితే సరిపోతుంది. అయిదు నిమిషాలు చాలు. ఆమెకి ఇంకా చెప్పలేదు, మీరు సరేనంటే అప్పుడు అడుగుతాను. మొదట ఏమంటుందో నాకు తెలుసు, "నాకు రాదమ్మీ" అంటుంది. ఈసారి నేను ఏమనాలో ఇప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

ఇట్లు,
మీ సంఘ సభ్యురాలు,
సండే స్కూల్ టీచరు, ఉద్దానం